గోడలు వాళ్లవి

దాసన్నపేటలో రెండు గదుల వాటా.
చేరిన రోజే వరహాలమ్మగారు వేళ్లు మడిచి చెప్పింది:
మేకు కొట్టకూడదు,
గోడకి రంగు వెయ్యకూడదు,
కేలెండరైనా పాత మేకుకే తగిలించుకోవాల.
నాలుగు పక్కలా సున్నం తెలుపు.
రాత్రి దీపం ఆర్పినా ఆరేది కాదు ఆ తెలుపు.

పగలంతా నెల్లిమర్లలో జనుము.
పద్నాలుగేళ్లుగా చూస్తున్నదొకటే రంగు,
గోనె రంగు.
జుట్టులో అదే, ముక్కుపుటాల్లో అదే,
కేరేజీ మూత తీస్తే మెతుకుల మీద సన్నగా అదే.
మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు,
నా మాట అసలే చిన్నది.
"మెతక మనిషి" అంటారు షిఫ్టులో అందరూ.
అవును గావాల, అనుకునేదాన్ని నేనూ.

బోనసు చేతికొచ్చిన సాయంత్రం
మూడు లాంతర్ల దగ్గర బస్సు దిగి
పారినాయుడి పెయింట్ల కొట్టు ముందు ఎందుకు ఆగానో
ఇప్పటికీ చెప్పలేను.
రంగుల కార్డు విప్పాడు. చిన్న చిన్న గళ్లు.
లేతవి చూపించాడు: చందనం, దంతం, పాలమీగడ.
వేలు దానంతటదే కిందికి జారి
పండుమిరప దగ్గర ఆగింది.
"దేనికమ్మా, బడ్డీ కొట్టుకా?"
"బీరువాకి."
ఆ ఒక్క మాటా గట్టిగానే వచ్చింది.

ఆదివారం. కొంగు నడుముకి దోపి
గరుకు కాగితంతో దాని ఒళ్లంతా రుద్దాను.
వాయిదాల మీద కొన్నది, బూడిద రంగుది,
ఏడేళ్లూ సెలవడగని గుమాస్తాలా మూల నించున్నది.
మొదటి పూత ఆరేసరికి
ఓలమ్మో, ఎవరిదీ ఇల్లు!
అద్దం చుట్టూ ఎరుపు.
అందులో నా మొహం
ఎవరితోనో వాదనకి దిగినట్టుంది.

ఇక చెయ్యి ఆగలేదు.
కుర్చీ పచ్చి పసుపు, అప్పుడే దంచిన కొమ్ముల పసుపు.
మంచం లకుముకి పిట్ట వీపు.
వంటింటి బల్లకి వంగపండు రంగు తెస్తే
డబ్బా మూడు కాళ్లకే వచ్చింది,
నాలుగో కాలికి మిగిలిన నారింజ పూశాను.
అది తప్పులా కనబడదిప్పుడు.
ఆ బల్ల ఒక కాలు ముందుకేసి
ఎక్కడికో బయల్దేరుతోందనిపిస్తుంది.

గజపతినగరం నుంచి మా చిన్నక్క వచ్చి
గుమ్మంలోనే నిలబడిపోయింది.
"ఇదేటే గుంటా! ఇల్లా, అంగన్‌వాడీయా?"
కూర్చోమంటే దేని మీద కూర్చోవాలో తెలీక
చాప వేసుకుంది.
టీ తాగింది, మోకాళ్ల నొప్పి చెప్పింది,
పైకి చూడకుండా అన్నీ చూసింది.
వెళ్లేటప్పుడు మాత్రం
బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించింది కాసేపు,
జ్వరం చూసినట్టు.
"మా ఇంట్లో అంతా టేకు పాలిషే" అంది
ఎందుకో మెల్లగా.

నిరుడు వేసవిలో వాటా ఖాళీ చెయ్యమన్నారు.
ట్రక్కు ఆటో మాటాడి
సామానంతా జనపతాళ్లతో బిగించాను, మా మిల్లు సరుకే.
గంటస్తంభం దాటుతుంటే
సర్కస్ వచ్చిందనుకుని పిల్లలు వెంటపడ్డారు.
కానిస్టేబులొకడు ఈల నోట్లోనే పెట్టుకుని మర్చిపోయాడు.
"కూర్చోండమ్మా, పడతారు" అన్నాడు డ్రైవరు.
కూర్చోలేదు.
బీరువా భుజం మీద చెయ్యేసి
ఊరంతా నించునే దాటాను.

వెనక ఆ గదులు మళ్లీ తెల్లగా,
నేనక్కడ ఎన్నడూ లేనట్టు.
కిటికీ కింద గచ్చు మీద తప్ప.
అక్కడొక పసుపు చుక్క, రూపాయి బిళ్లంత.
గోకితే పోలేదు, కిరసనాయిలుకీ లొంగలేదు.
అడ్వాన్సులో మూడొందలు కోసుకుంది వరహాలమ్మగారు,
చీటీ మీద రాసి మరీ ఇచ్చింది:
"గచ్చు మరకకి."

దాచుకున్నాను దాన్ని
ఎర్ర బీరువా లోపలి అరలో, రైసు కార్డు పక్కన.
ఈ ఊళ్లో నేను కొనుక్కున్న జాగా
ఇంతవరకూ అదొక్కటే.